మాత్రల ఖాతా: మనసు కుదుటపడటానికి సప్లిమెంట్లు వాడి చూస్తున్న డైరీ

జనవరి, పండగ వెళ్ళాక

ఫ్రిజ్ మీద ప్రస్తుతం ఉన్న సరుకు: మల్టీవిటమిన్ గమ్మీలు, జుట్టూ గోళ్ళూ పెరగడానికి బయోటిన్, మెగ్నీషియం, అశ్వగంధ సారం పొడి, అవిసె నూనె, 'మూడ్ సపోర్ట్' అని రాసి ఉన్న కలగూరగంప సీసా ఒకటి. సగం మా ఆడపడుచు అమెరికా నుంచి సూట్‌కేసులో తెచ్చినవి, సగం నేను ఆఫర్ చూసి కొన్నవి. ఇవన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో, అసలేదైనా పనిచేసిందో లేదో ఎప్పటికీ తేలదు. విజయవాడలో ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు రాసే ఉద్యోగం నాది. ఓచరు లేని ఖర్చు చూస్తే చెయ్యి ఊరుకోదు. అందుకే ఈ పుస్తకం.

నాకున్న ఇబ్బంది పెద్ద పేరు పెట్టేంతది కాదు. తెల్లారుజామున నాలుగు కాకముందే మెలకువ వచ్చేస్తుంది, మళ్ళీ నిద్ర పట్టదు. పగలంతా చిరాకు. ఒకసారి కూడిన కాలమ్ మీద నమ్మకం కుదరక మళ్ళీ కూడుతున్నాను. సాయంత్రానికి కాళ్ళు లాగేస్తాయి. ఏ కారణమూ లేకుండా టెన్షన్.

తమ్ముడికి తెనాల్లో మందుల షాపు ఉంది. వాడికి ఫోన్ చేసి సీసాల పేర్లన్నీ చదివితే, "అక్కా, అవన్నీ పక్కన పెట్టు. ముందు డాక్టర్ని కలువు, రక్తం ఇచ్చిరా" అన్నాడు. షాపులో ఇలాంటి సీసాలే అమ్ముకునేవాడు అలా అన్నాడంటే వినాలి.

కొలత ఎలా? ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్ళ ఐదు ప్రశ్నల పత్రం ఒకటుంది. గత రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నానా, ప్రశాంతంగా ఉన్నానా, చురుగ్గా ఉన్నానా, లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉందా, రోజులో మనసుకు నచ్చే పని ఏమైనా ఉందా. ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు, మొత్తాన్ని 4తో హెచ్చవేస్తే వందకి ఎంతో వస్తుంది. 50 దాటకపోతే డాక్టర్ని కలవాలి. నాకు 44 వచ్చింది. ఈ పత్రం రెండు వారాలకోసారి నింపుతాను. పాల లెక్క వేసే గోడ క్యాలెండర్‌లో తారీఖు గడి కింద రోజూ మూడు అంకెలు రాస్తాను: నిద్ర, చిరాకు, టెన్షన్, పదికి ఎన్ని అని. రాత్రి పడుకునే ముందు, నిన్నటి గడి చూడకుండా.

ఆపేసే నియమం కూడా ఇప్పుడే రాసిపెడుతున్నాను. దిగులు ముదిరినా, బతకడం దండగ అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఈ ప్రయోగం అక్కడితో సరి. నేరుగా డాక్టరు దగ్గరికి, లేదా 14416కి ఫోను. టెలీ మానస్ అని 2022 అక్టోబరు నుంచి కేంద్రం నడుపుతున్న సర్వీసు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

జనవరి చివర

రక్తం ఇచ్చేముందు తమ్ముడు గుర్తుచేసిన విషయం రాయాలి, చాలామందికి తెలియదు కనక. బయోటిన్ ఎక్కువ మోతాదులో వాడుతుంటే కొన్ని ల్యాబు పద్ధతుల్లో థైరాయిడ్ అంకెలు తప్పుగా వస్తాయి. థైరాయిడ్‌లో ఏమీ తేడా లేకపోయినా ఉన్నట్టు చూపించవచ్చు. అందుకని పరీక్షకి కొన్ని రోజుల ముందే గమ్మీలూ బయోటినూ ఆపేశాను. ఏమేం మింగుతున్నామో డాక్టరుకీ ల్యాబు వాళ్ళకీ చెప్పడం ఇంకా మంచిది. వాళ్ళు అడగరు, మనం చెప్పం. అదీ మన దగ్గర పద్ధతి.

డాక్టరమ్మ ముందు చాలాసేపు ప్రశ్నలే అడిగింది. తర్వాత రక్తపరీక్షలు. థైరాయిడ్ బాగుంది. ఐరన్ నిల్వలు పరవాలేదు. విటమిన్ డి 14 నానోగ్రాములు. 20 లోపు ఉంటే లోటు కిందే లెక్క. బి12 వచ్చి 146 పికోగ్రాములు. ల్యాబు కింది హద్దు 200 దగ్గర ఉంటుంది.

బి12 తక్కువ ఉండటంలో వింతేమీ లేదు. మా ఇంట్లో గుడ్డు కూడా వండం. బి12 తయారుచేసేవి సూక్ష్మజీవులు. మనిషికి అది చేరేది మాంసం, చేప, గుడ్డు, పాల దారిలోనే. గ్లాసు పాలలో సుమారు ఒక మైక్రోగ్రాము ఉంటుంది, రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాములకు కాస్త పైన. నేను తాగేది రెండు కాఫీలు, తినేది రాత్రిపూట ఇంత మజ్జిగన్నం. లెక్క సరిపోదు. చద్దన్నంలో, ఇడ్లీ పిండిలో బి12 ఉంటుందని వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్ముకుని కూర్చోవడానికి లేదు. స్పిరులినాలో ఉండేది కూడా చాలామటుకు మన ఒంటికి పనికిరాని నకిలీ రూపమే.

ఫిబ్రవరి

డాక్టరమ్మ రాసినవి: మిథైల్‌కోబాలమిన్ అనే బి12 మాత్ర 1500 మైక్రోగ్రాములది రోజుకొకటి, విటమిన్ డి 60 వేల యూనిట్ల సాచెట్ వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు, ఆ తర్వాత నెలకొకటి. రెండూ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుందని అడిగాను. "లోటు ఉన్నచోట ప్రయోగాలేంటమ్మా, పూడ్చాలి" అంది. న్యాయమే. బి12 లోటును సాగదీస్తే నరాలు దెబ్బతింటాయి. కొంత నష్టం మళ్ళీ పూడదు కూడా. ప్రయోగం తర్వాత చేసుకోవచ్చు.

రోజుకి రెండు మైక్రోగ్రాములు చాలు కదా, 1500 ఎందుకన్న ప్రశ్నకి తమ్ముడి దగ్గర మంచి జవాబు దొరికింది. కడుపులో ఊరే ఒక ప్రొటీన్ బి12ని పట్టుకుని పేగు చివరిదాకా తీసుకెళ్తుంది. దాని సామర్థ్యం ఒక విడతకి ఒకటిన్నర, రెండు మైక్రోగ్రాములే. మిగిలిన దానిలో సుమారు నూటికి ఒక వంతు మాత్రం దానంతటది రక్తంలోకి ఇంకుతుంది. కాబట్టి 1500 మింగితే ఒంటికి పట్టేది పదిహేను, పదిహేడు.

ఇక్కడ ఒక పక్కమాట. 'మల్టీవిటమిన్‌లో ఫోలిక్ యాసిడ్ ఉందిగా, చాలు' అనుకునేవాళ్ళ కోసం. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటూ పోతే బి12 లోటు వల్ల వచ్చిన రక్తహీనత తగ్గినట్టే కనిపిస్తుంది, లోపల నరాల నష్టం మాత్రం సాగిపోతుంటుంది. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే 1940లలో అమెరికాలోని లెడర్లే కంపెనీలో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన 1948లో పోయారు. బి12ని విడిగా పట్టుకున్నదీ ఆ ఏడాదే.

మార్చి

ఇయర్ ఎండింగ్. మాత్రలు మానలేదు, గడుల్లో అంకెలు మానలేదు. అంతకుమించి రాసే ఓపిక లేదు. ఈ నెల మార్కులు చూసి ఏ మందుకీ మంచిపేరు గానీ చెడ్డపేరు గానీ ఇవ్వకూడదు.

ఏప్రిల్

కాళ్ళ లాగుడు తగ్గింది. సాయంత్రం ఆరింటికి బస్సెక్కేటప్పుడు ఒంట్లో ఇంకా కాస్త ప్రాణం ఉంటోంది. చిరాకు మార్కు ఏడు నుంచి నాలుగైదుకి దిగింది. ఐదు ప్రశ్నల పత్రంలో 60 వచ్చింది. కానీ తెల్లారుజాము మెలకువ అలాగే ఉంది. టెన్షన్ ఆరు దగ్గరే కూర్చుంది, కదల్లేదు.

బి12 వల్లే అనడానికి నాకు గట్టి ఆధారం ఉందా అంటే, సగమే ఉంది. మార్చి పోయి ఏప్రిల్ వస్తే మా ఆఫీసులో అందరికీ చిరాకు తగ్గుతుంది, మాత్రలేం వేసుకోకపోయినా. కాళ్ళ లాగుడు మాత్రం మార్చి మధ్యలోనే, పని నెత్తిమీద ఉన్నప్పుడే తగ్గడం మొదలైంది. క్యాలెండర్ పక్కన ఆ సంగతి విడిగా రాసి ఉంది. దాన్ని బి12 ఖాతాలో జమ వేస్తున్నాను.

విటమిన్ డి మీద మాత్రం ఆశలు పెట్టుకోలేదు. ఎముకలకి కావాలి కాబట్టి లోటు పూడుస్తున్నాను, అంతే. అమెరికాలో 50 ఏళ్ళు దాటిన 18,353 మందికి ఐదేళ్ళకు పైగా రోజూ 2000 యూనిట్ల విటమిన్ డి గానీ మందు లేని ఉత్తి మాత్ర గానీ ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. దిగులు జబ్బు రావడంలో రెండు గుంపులకీ తేడా లేదు. వాళ్ళలో ఎక్కువమందికి మొదట్లో నాలా లోటు లేదు, నిజమే. అయినా డి వేసుకుంటే మనసు తేలికవుతుందని సీసా మీద రాసేవాళ్ళు ఆ మాట కూడా పక్కన రాయాలి.

ఈ నెల అసలు లాభం నాది కాదు, మావయ్యగారిది. ఆయనకి పదేళ్ళ పైనుంచి షుగరు, మెట్‌ఫార్మిన్ వాడతారు. దానికి తోడు పరగడుపున గ్యాస్ ట్యాబ్లెట్. ఈ రెండూ ఏళ్ళ తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. అరికాళ్ళు తిమ్మిర్లనీ, తాళాలు ఎక్కడ పెట్టానో గుర్తురావట్లేదనీ అంటే మేమంతా వయసు మీదికి తోసేశాం. "నా మాత్రల్లో ఏదన్నా తేడా ఉందంటావా అమ్మాయ్?" అని నా పుస్తకం చూసి ఆయనే అడిగారు. పరీక్ష చేయిస్తే నాకన్నా తక్కువ! ఆయనకి డాక్టరు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మెట్‌ఫార్మిన్ మాత్రం ఆపలేదు, సొంతంగా ఆపకూడదు కూడా.

మే

ఫ్రిజ్ మీద సరుకు ఏరివేత.

ముందుగా 'మూడ్ సపోర్ట్' సీసా. వెనక లేబుల్ చదివితే పన్నెండు రకాల దినుసులు, అన్నీ చిటికెడు చిటికెడు. ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సంస్థ నియమాల ప్రకారం మన దేశంలో అమ్మే ఇలాంటి వాటి మీద 'హెల్త్ సప్లిమెంట్' అనీ, 'ఔషధంగా వాడటానికి కాదు' అన్న అర్థం వచ్చే మాటా, 14 అంకెల లైసెన్సు నంబరూ ఉండాలి. ఇది అమెరికా సరుకు కనక అవేవీ లేవు. దినుసుల్లో ఒకటి సెయింట్ జాన్స్ వర్ట్ అనే మొక్క సారం. ఆఫీసులో ఒకామె దిగులుకి డాక్టరు రాసిన మందు వాడుతోంది. ఈ సీసా సంగతి విని "నాకూ రెండు ఇవ్వవా" అంది. తమ్ముడికి ఫోన్ చేస్తే కేకేశాడు: "ఇవ్వకు అక్కా! ఆ మందూ ఇదీ కలిస్తే ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం ఎక్కువై ఆసుపత్రిలో పడొచ్చు." గర్భనిరోధక మాత్రల పని కూడా ఇది తగ్గిస్తుందట. మూలికే కదా, ఏం చేస్తుందిలే అనుకునేవాళ్ళు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. ఆ సీసాని అక్కడితో వదిలించుకున్నాను.

ఇలా అన్నీ కలిపి ఇచ్చే మాత్రల సంగతి యూరప్‌లో నాలుగు దేశాల్లో 1,025 మంది మీద చూశారు. ఫలితం 2019లో వచ్చింది. బరువు ఎక్కువ ఉండి, మనసు కాస్త డీలాపడి ఉన్నవాళ్ళకి ఒమేగా-3 కొవ్వులు, ఫోలిక్ యాసిడ్, సెలీనియం, విటమిన్ డి కలిపి ఏడాదిపాటు ఇచ్చారు. దిగులు జబ్బును ఆపడంలో ఉత్తి మాత్రకన్నా అది ఏమీ మెరుగు కాదు.

తర్వాత అవిసె నూనె. ఒమేగా-3లలో మనసు మీద ఎంతోకొంత ఆధారం ఉన్నది ఈపీఏ అనే రకానికి. అది చేప నూనెలో ఉంటుంది. అక్కడా లేబుల్ లెక్క ఉంది: ముందు 1000 మిల్లీగ్రాములు అని పెద్ద అక్షరాలు, వెనక చూస్తే మామూలు క్యాప్సూల్‌లో ఈపీఏ 180, డీహెచ్‌ఏ అనే ఇంకో రకం 120. డాక్టర్లు దిగులు జబ్బులో వాడి చూసిన మోతాదు ఈపీఏ గ్రాము నుంచి రెండు గ్రాములు. అంటే రోజుకు ఐదారు క్యాప్సూళ్ళ పైమాటే! మాకు చేప నూనె ఎలాగూ కుదరదు. అవిసెలో ఉండేది వేరే రకం. ఒళ్ళు దాన్ని ఈపీఏగా మార్చుకునేది బహు కొద్ది. నాచు నుంచి తీసిన నూనె శాకాహారమే గానీ మామూలుగా దొరికే వాటిలో డీహెచ్‌ఏనే ఎక్కువ. కాబట్టి నూనె సీసా వద్దనుకున్నాను. అవిసె గింజల కారప్పొడి మాత్రం ఉంటుంది, ఇడ్లీలోకి. దానికి ఏ అధ్యయనమూ అక్కర్లేదు.

మే మధ్య నుంచి ఆగస్టు దాకా: అశ్వగంధ

ఇదొక్కటి మాత్రం సరైన ప్రయోగంలా చేద్దామనిపించింది. మన పెన్నేరు గడ్డే. హైదరాబాద్ ఆశా హాస్పిటల్ డాక్టర్లు 64 మంది మీద చేసిన అధ్యయనం 2012లో అచ్చయింది. వేరు సారం 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, 60 రోజులు. టెన్షన్ మార్కులూ, రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనూ ఉత్తి మాత్ర వాళ్ళకన్నా బాగా తగ్గాయి. చిన్న లెక్కే అయినా ఉత్తి మాత్రతో పోల్చి చూశారు. మరోవైపు డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది, థైరాయిడ్ మీదా గర్భం మీదా ప్రభావం ఉంటుందన్న అనుమానంతో. కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి. డాక్టరమ్మ థైరాయిడ్, లివర్ పరీక్షలు ముందొకసారి, అయ్యాక ఒకసారి చేయించుకోమంది. కళ్ళు పచ్చబడ్డా, మూత్రం రంగు ముదిరినా, ఒళ్ళంతా దురద పెట్టినా అప్పటికప్పుడు ఆపెయ్యమంది.

నేనేం మింగుతున్నానో నాకు తెలియకూడదు. తమ్ముడు నాలుగు డబ్బాలు చేశాడు: అ, ఆ, ఇ, ఈ. రెండింటిలో అశ్వగంధ, రెండింటిలో వేయించిన బియ్యప్పిండి. వేయించింది పురుగు పట్టకుండా. ఏ డబ్బా ఏదో రూపాయి బిళ్ళ ఎగరేసి తేల్చి, కాగితం మీద రాసి, కవరు అంటించి మావయ్యగారికి ఇచ్చాడు. ఒక్కో డబ్బా మూడు వారాలు, మధ్యలో వారం ఖాళీ.

క్యాప్సూళ్ళ పనే ఎక్కువైంది. మామూలు ఖాళీ క్యాప్సూళ్ళు జెలటిన్‌వి, పశువుల ఎముకల నుంచీ తోలు నుంచీ వచ్చేవి. శాకాహారానివి విడిగా అడిగి తెప్పించాలి, పచ్చ చుక్క చూసి. లోపలి రంగు కనపడకుండా ముదురు ఆకుపచ్చవి తీసుకున్నాడు. గుంటలున్న ప్లాస్టిక్ పలకలో క్యాప్సూళ్ళ అడుగు భాగాలు నిలబెట్టి, పొడి పోసి, కార్డు ముక్కతో గీకి, మూతలు నొక్కడం. సున్నా సైజు క్యాప్సూల్‌లో 300 మిల్లీగ్రాముల సారం పోశాక ఇంకా చోటు మిగులుతుంది. అందుకని అందులోనూ బియ్యప్పిండి కలిపి నింపాడు, లేకపోతే ఊపితే చప్పుడులో తేడా తెలిసిపోతుంది. వాసన ఇంకో గొడవ. అశ్వగంధ ఘాటు మూత తీస్తేనే కొడుతుంది. నాలుగు డబ్బాల్లోనూ పల్చటి గుడ్డలో కట్టిన అశ్వగంధ పొడి మూట ఒకటి పడేశాడు. దాంతో అన్నీ ఒకే కంపు.

ప్రతి డబ్బా చివర 'ఇది అసలుదా, పిండా' అని నా ఊహ రాశాను. అ: పిండి. ఆ: తెలియదు. ఇ: కచ్చితంగా అసలుదే, కింద గీత కూడా గీశాను. ఈ: పిండి అనుకుంటా.

ఆగస్టు చివర, కవరు తెరిచాక

అ పిండి. ఆ అశ్వగంధ. ఇ పిండి. ఈ అశ్వగంధ.

నేను గీత గీసి మరీ రాసిన డబ్బాలో ఉన్నది వేయించిన బియ్యప్పిండి. మావయ్యగారు చాలాసేపు నవ్వారు.

సగటు తీస్తే అశ్వగంధ డబ్బాల్లో నిద్ర మార్కు పిండి డబ్బాలకన్నా దగ్గర దగ్గర ఒకటి ఎక్కువ. ఇక్కడితో ఆపితే 'పనిచేసింది' అని రాసేయొచ్చు. కానీ అ డబ్బా నడిచింది రోహిణి కార్తెలో. ఆ ఎండల్లో, కరెంటు పోయే రాత్రుల్లో విజయవాడలో ఎవరు నిద్రపోయారు గనక? ఇ వచ్చేసరికి వానలు పడి చల్లబడింది, పిండితోనే హాయిగా పడుకున్నాను. అ ని పక్కన పెట్టి చూస్తే మిగిలిన మూడు డబ్బాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. టెన్షన్ మార్కు నాలుగింటిలోనూ ఒకటే. లివర్, థైరాయిడ్ అంకెలు మారలేదు, అది నయం.

లెక్కల్లో ఎటు చెందుతుందో తేలని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. అశ్వగంధని అక్కడ వేశాను. నా ఒక్కదాని నాలుగు డబ్బాలతో ఆ 64 మంది ఫలితాన్ని కొట్టెయ్యలేను. వాళ్ళ ఫలితం చూపించి నా క్యాలెండర్‌ని దిద్దనూ లేను. మిగిలిన పొడి తమ్ముడికి తిరిగి ఇచ్చేశాను.

సెప్టెంబరు

బి12 మళ్ళీ చూపిస్తే 600 దాటింది. మాత్ర వాడుతున్నప్పుడు రక్తంలో అంకె ఎలాగూ ఎగుస్తుందనీ, దాన్ని చూసి మురిసిపోవద్దనీ డాక్టరమ్మ అంది. తిండి మారదు కాబట్టి మాత్ర ఉంటుంది, ఎంత మోతాదులో అన్నది ఆమె మళ్ళీ చెబుతుంది. డి నెలకొకటి, రాత్రి అన్నం తిన్నాక పాలలో కలుపుకుని. కొవ్వుతో పాటయితేనే బాగా పడుతుంది.

ట్యాక్స్ ఆడిట్ గడువు నెలాఖరుకి. మామూలుగా ఈ నెలలో నా పత్రం 40కి పడిపోవాలి. మొన్నటిది 60. తెల్లారుజాము మెలకువ మాత్రం వారంలో నాలుగైదు రోజులు ఉంటూనే ఉంది. ఏ సీసా దాన్ని ముట్టుకోలేదు. క్యాలెండర్ మొత్తం డాక్టరమ్మ ముందు పెడితే, నిద్ర కోసం ఇంకో మాత్ర వెతకొద్దనీ, నిద్రలేమికి మాటలతోనూ అలవాట్లు మార్చడంతోనూ చేసే చికిత్స ఉందనీ చెప్పి సైకాలజిస్టుకి చీటీ రాసింది. అక్టోబరు మొదటి వారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

అది నడిచినన్నాళ్ళూ కొత్త సీసా ఏదీ తెరవను, లేకపోతే మళ్ళీ ఏది పనిచేసిందో తెలియదు. మెగ్నీషియం డబ్బా ఎక్స్‌పైరీ వచ్చే జూన్ దాకా ఉంది. దాని వంతు ఈ చికిత్స అయ్యాక. ఈసారి డబ్బాలు ఎండాకాలంలో పెట్టనని తమ్ముడికి ముందే చెప్పాను.